లెక్కలోకి రాని సెక్షన్

హాస్టల్ నుంచి
ఆగస్టు 4

పిన్నీ,

ఉత్తరం చూడగానే "అబ్బో, దీనికి ఇన్నాళ్ళకి గుర్తొచ్చానా" అంటావు. అను, పడతాను. ఇక్కడ మా ఫోన్లన్నీ ఆఫీసు బీరువాలో పెట్టి తాళం వేశారు. ఆదివారం ఒక్కొక్కరికీ కాసేపు ఇస్తారు. గుమాస్తా ఎదురుగా కూర్చుని చెవులు రిక్కించి వింటాడు. అతని ముందు అమ్మతో "బాగున్నా, తింటున్నా" తప్ప ఇంకేం మాట్లాడను? ఉత్తరాల జోలికి మాత్రం ఇంకా రాలేదు. ఈ రోజుల్లో ఉత్తరాలు రాసే వెర్రివాళ్ళు ఎవరుంటారని కాబోలు.

గదిలో ఆరుగురం. కిటికీకి జాలీ కొట్టారు. అందులోంచి చూస్తే పక్క హాస్టల్ గోడ, ఆ గోడకో కిటికీ, దానికీ జాలీ. అవతల ఎవరో పిల్ల కూర్చుని చదువుతూ ఉంటుంది. నేను లేచేసరికే లేచి ఉంటుంది, నేను పడుకున్నాకా లైటు తీయదు. దాని మొహం కూడా నాకు సరిగ్గా కనిపించదు. అయినా దాన్ని చూస్తే ఒళ్ళు మంట.

ఈ ప్రవేశపరీక్ష నాకిది మూడోసారి. మూడు దాటితే రాయనివ్వరని నీకు నేను చెప్పాలా? ఈసారి కూడా పోతే నాన్న ఫ్రేముల కొట్లో కూర్చుని పెళ్ళిఫొటోలకి అద్దాలు కోసుకోవాలి. నాన్న కోపంగా కూడా అనలేదు. "రాళ్ళు ఏరుకోవడానికి కాలేజీ ఎందుకే అమ్మా" అని నవ్వాడు. భూమి లోపలి సంగతులు చదువుతానంటే ఆయనకి అలాగే వినిపిస్తుంది.

అసలు సంగతికొస్తాను. మా లెక్కల సారు చేతిలో ఎప్పుడూ స్టాప్‌వాచ్ ఉంటుంది, అందుకే గడియారం సారు అంటాం. మొదటిరోజే ఆయన బోర్డు మీద గుట్టలాగా ఒక గీత గీసి, "ఇదీ కర్వ్. మీ మార్కులు మీ చేతిలో లేవు, మీ పక్క మంచంలో ఉన్నాయి. పక్కవాళ్ళు బాగా రాస్తే మీరు కిందకి, పక్కవాళ్ళు మునిగితే మీరు పైకి" అన్నాడు.

నా పక్కమంచం ఉడుతది. ఏది పెట్టినా సగం తిని సగం దాచుకుంటుందని ఆ పేరు. పరీక్ష అంటే చాలు, దానికి వాంతులు. మొన్న ప్రాక్టీసు పరీక్ష మధ్యలో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పరుగెత్తింది, మళ్ళీ రాలేదు. పిన్నీ, నాకు సంతోషం వేసింది. ఆ రాత్రి అది "నీ చెయ్యి కాస్త ఇలా ఇవ్వవే" అని నా చెయ్యి పట్టుకుని పడుకుంది. నేను ఇచ్చాను. ఇచ్చి, ఒకరు తగ్గారులే అనుకున్నాను. ఇలాంటిదాన్ని ఎప్పుడయ్యానో నాకు తెలియడం లేదు.

నువ్వు పనిచేసేది ఆ మార్కులు వేసే ఆఫీసులోనే కదా. కర్వ్ అంటే నిజంగా ఇదేనా? అమ్మకి చెప్పకు.

నీ బొంగరం

*

ఆగస్టు 11

బొంగరానికి,

దీవెనలు తర్వాత, ముందు చీవాట్లు. పక్కపిల్ల వాంతి చేసుకుంటే సంతోషించే సంతానం మా ఇంటావంటా లేదు. ఆ మాట నువ్వే బయటపెట్టుకున్నావు కాబట్టి సగం క్షమించాను. మిగతా సగానికి వెళ్ళి ఆ పిల్లకి ఏదైనా తినడానికి ఇవ్వు. దాచుకుంటే దాచుకోనీ.

ఒక సంగతి ముందే చెప్పాలి. నువ్వు పరీక్ష రాస్తున్నావని మా ఆఫీసులో చెప్పేశాను. అలా చెప్పాలి, రూలు. చెప్పగానే నన్ను మార్కుల పట్టికలు వేసే గదిలోంచి తీసి ఫిర్యాదుల గదిలో కూర్చోబెట్టారు. కాబట్టి ఈ ఏడాది పేపరు గురించి నాకు తెలిసింది మీ గుమాస్తాకి తెలిసినంతే. రోజంతా తల్లిదండ్రుల ఉత్తరాలు చదువుతున్నాను. నిన్న ఒకాయన "మావాడికి తొంభై రావాలి, అరవై వచ్చాయి, మీ మిషన్‌కి కళ్ళున్నాయా" అని రాశాడు. మిషన్‌కి కళ్ళు లేవండీ, మీవాడికే ఉండాల్సింది అని రాయాలని చెయ్యి దురద పెట్టింది. రాయలేదులే.

ఇక మీ సారు గీసిన గుట్ట. అది ఆయన బుర్రలోది, మా ఆఫీసుది కాదు. విను. పరీక్ష ఏడాదికి కొన్నిసార్లు జరుగుతుంది. ప్రతిసారీ కొత్త పేపరు. ఎంత జాగ్రత్తపడ్డా ఒకటి గట్టిగా వస్తుంది, ఒకటి మెత్తగా వస్తుంది. గట్టిది రాసినవాళ్ళకి నష్టం జరగకూడదు, మెత్తది రాసినవాళ్ళకి ఊరికే లాభం రాకూడదు. అందుకని ఎన్ని తప్పులకి ఎంత కోతో ఏ పేపరుకి ఆ పేపరు పట్టిక వేస్తాం. గట్టి పేపర్లో నాలుగు తప్పు పోయినా మార్కు పెద్దగా తగ్గదు. మెత్తటి దాంట్లో ఒక్క తప్పుకే టక్కున పడిపోతుంది. జనం కర్వ్ అనేది దీన్నే. అది పేపరుని కొలుస్తుంది, మీ గదిలో ఎవరు మునిగారో దానికి అక్కర్లేదు. ఉడుత వాంతి చేసుకుంటే నీకొచ్చేదేమీ లేదు, దుప్పటి ఉతుక్కోవడం తప్ప.

సీట్ల కోసం పోటీ ఉంటుంది, కాదనను. ఆ పోటీ ఎక్కడెక్కడి పిల్లలందరితోనూ. అందులో మీ గదిలో ఆరుగురు ఎంత? చింతాకంత కూడా కాదు.

కిటికీ అవతల పిల్ల కూడా ఈపాటికి ఎవరికో నీ గురించే రాస్తూ ఉంటుంది, ఒళ్ళు మంట అని.

మీ పిన్ని

*

ఆగస్టు 18

పిన్నీ,

ఉడుతకి నీ ఉత్తరం మొత్తం చదివి వినిపించాను, దుప్పటి ముక్కతో సహా. "అయితే నేను నిశ్చింతగా కక్కుకోవచ్చన్నమాట" అంది. దానికి నా సంతోషం సంగతి కూడా చెప్పేశాను. నా వంక చూసి, "నువ్వు లెక్కలో తప్పు చేస్తే నాకూ అంతే అనిపించేది" అంది. ఇద్దరం ఏడ్చాం. తర్వాత అది దాచిన బిస్కెట్లు తీసింది. నాలుగు మెత్తబడిపోయాయి, అయినా తిన్నాం.

కానీ నాకు ఒకటి అంతుపట్టలేదు. ఈసారి అందరికీ తక్కువ వచ్చాయనుకో. పేపరు గట్టిదా, పిల్లలు మొద్దులా అని మీకెలా తెలుస్తుంది? రెండిట్లోనూ కనిపించేది తక్కువ మార్కులే కదా. గడియారం సారుని అడిగితే "అవన్నీ వాళ్ళ ఇష్టం, తలకాయలు లెక్కపెట్టి మార్కులు కోస్తారు" అన్నాడు.

గేటు దగ్గర కంకర పోశారు. వ్యాయామానికి దింపినప్పుడు ఒక రాయి తెచ్చుకున్నాను, మధ్యలో తెల్లటి చార ఉంది. వార్డెన్ తలగడ కింద చూసి బయట పారేసింది. రాయితో ఎవరి తలైనా పగలగొడతానని అనుమానం. ఆలోచన చెడ్డదేం కాదు.

నీ బొంగరం

*

ఆగస్టు 26

బొంగరం తల్లికి,

నీ ఉత్తరం ఫిర్యాదుల కట్ట మీద పెట్టుకుని మళ్ళీ మళ్ళీ చదివాను. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఈ ప్రశ్న మా ఇంట్లో ఎవరూ అడగలేదు. మీ నాన్న, అంటే మా బావగారు, నేను మార్కులు కూడే పని చేస్తాననుకుంటాడు. మీ అమ్మ కంప్యూటర్ దుమ్ము దులిపే పని అనుకుంటుంది. నువ్వు మాత్రం సూటిగా గుండెకాయ దగ్గరికే వచ్చావు. అందుకే చెబుతున్నాను.

మీ పేపర్లో ఐదు సెక్షన్లు ఉంటాయి. నాలుగే మార్కులకి లెక్క. ఒకటి లెక్కలోకి రాదు. ఇది రహస్యం కాదు, పుస్తకం వెనక అట్ట మీద చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది, ఎవరూ చదవరు. ఏది ఆ సెక్షనో మాత్రం చెప్పరు. అందులో పాత ప్రశ్నలుంటాయి. ఎప్పటెప్పటి పిల్లలో చేసినవి. వాళ్ళు ఎంత బాగా చేశారో మా దగ్గర ఉంది. మీరెలా చేశారో చూస్తే మీరు వాళ్ళకన్నా గట్టివాళ్ళో కాదో తేలుతుంది. మీ సంగతి తేలితే మీరు రాసిన కొత్త పేపరు సంగతీ తేలిపోతుంది.

ఆ పాత ప్రశ్నల్లో అక్షరం మార్చకూడదు. మారిస్తే కొలత చెడుతుంది. అందుకని వాటిలో కాలం అక్కడే ఆగిపోయింది. ఒకమ్మాయి ఇప్పటికీ టైప్ మిషన్ మీద గంటకిన్ని పేజీలు కొడుతూనే ఉంది. ఒకాయన టెలిగ్రాంలో మాటకింత అని లెక్కేసుకుంటూ కౌంటర్ దగ్గరే నిలబడ్డాడు. మా ఆఫీసులో ఆ టైపు అమ్మాయే అందరికన్నా సీనియర్, ప్రమోషన్ మాత్రం ఇవ్వరు అని మేం నవ్వుకుంటాం.

నీకిది ఎందుకు చెప్పానంటే, ఏదో ఒక సెక్షన్ పాడైందని బెంబేలెత్తి మిగతావి పాడు చేసుకోకు. పాడైంది ఆ లెక్కలోకి రానిదే కావచ్చు. ఉడుతకి కూడా చెప్పు, కడుపు కాస్త కుదురుకుంటుంది.

మీ పిన్ని

*

సెప్టెంబర్ 9

పిన్నీ,

తొందరగా రాస్తున్నాను. నీ టైపు అమ్మాయి ఇక్కడ బాగా పేరు తెచ్చుకుంది. ఉడుత విని పొట్ట పట్టుకుని నవ్వింది. అది గడియారం సారుకి చెప్పింది. ఆయన మొదట నవ్వాడు, తర్వాత రెండుసార్లు చెప్పించుకున్నాడు. మర్నాడు నాకు కిటికీ పక్క మంచం ఇప్పించాడు. ఇన్నాళ్ళకి ఆయన నోటి నుంచి నా పేరు విన్నాను, అప్పటిదాకా రోల్ నంబరే. మా కోచింగ్ సెంటర్ మిగతా మూడు బ్రాంచీలకి కూడా ఆయనే వెళ్ళి పాఠం చెప్పి వస్తున్నాడు, మనిషి ఉషారుగా ఉన్నాడు.

రేపటి నుంచి పరీక్ష అయ్యేదాకా ఉత్తరాలు కూడా ఇవ్వరట. మనసు చెదురుతుందట. నువ్వు రాయి, తర్వాత అన్నీ కలిపి చదువుకుంటాను.

నీ బొంగరం

*

సెప్టెంబర్ 15

ఒసే పిల్లా,

నీకు చెప్పింది మీ సారుకెందుకు చేరింది? ఉడుతకి చెప్పమన్నది లెక్కలోకి రాని సెక్షన్ ఉందని. టైపు అమ్మాయి సంగతి నీకూ నాకూ మధ్య హాస్యం. నోరు జారింది నేనే, తెలుసు. కానీ మంచం ఎందుకు మార్చాడు? ఊరికే మంచం మార్చే మనిషిలా లేడే.

ఈ ఉత్తరం నీకు ఎలాగైనా అందాలి. మీ గుమాస్తాకి ఫోన్ చేస్తే "పరీక్ష అయ్యాక ఇస్తాం మేడమ్" అన్నాడు. అక్కతో చెప్పిద్దామంటే ఏమని చెప్పను? ఆఫీసు మాట ఫోన్లో చెప్పకూడదు, గుమాస్తా వినే ఫోన్లో అసలు చెప్పకూడదు. కాబట్టి కాగితం మీదే రాస్తున్నాను. ప్రతి సెక్షనూ ఒళ్ళు దగ్గర పెట్టుకుని రాయి. లెక్కలోకి రానిది అనిపించినా రాయి. అది అనిపిస్తే ఇంకా బాగా రాయి.

మీ పిన్ని

*

అక్టోబర్ 6

పిన్నీ,

అయిపోయింది. నీ ఉత్తరం ఇంకా ఇవ్వలేదు, సాయంత్రం పంచుతారట. ఆగలేక రాస్తున్నాను.

సారు చెప్పినట్టే జరిగింది. మూడో సెక్షన్ తిప్పగానే టైపు అమ్మాయి. కౌంటర్ దగ్గర టెలిగ్రాం ఆయన కూడా. హాల్లో మా హాస్టల్ పిల్లలం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు, సారు చూడొద్దన్నాడు. జవాబు కాగితం మీద సున్నాలు తోచినట్టు నింపేశాం. "వరసగా ఒకటే నింపొద్దు, అనుమానం వస్తుంది. మధ్యమధ్య ఒకటి కరెక్టుగా పెట్టండి" అని ముందే నేర్పాడు. నెల రోజులుగా అదే ప్రాక్టీసు, విశ్రాంతి సెక్షన్ అని పేరు పెట్టాడు, ఆ బలం మిగతా నాలుగింటికి దాచుకోమన్నాడు. నింపేసి బల్ల మీద చెయ్యి ఆనించి కళ్ళు మూసుకున్నాను. ముందు వరసలో ఎవరో తెలియని పిల్ల ఆ సెక్షన్‌తోనే కుస్తీ పడుతూ చెమటలు కక్కుతోంది. పాపం అనిపించింది, నవ్వూ వచ్చింది.

తర్వాతవి ఎంత హాయిగా రాశానో. ఉడుత కూడా ఒక్కసారి లేవలేదు. అంతా నీ చలవే. నాలుగు బ్రాంచీల పిల్లలూ నీకు దండం పెట్టుకోవాలి, నీ పేరు చెప్పలేదులే.

నీ బొంగరం

*

అక్టోబర్ 12

బొంగరానికి,

నా ఉత్తరం ఈపాటికి చదివి ఉంటావు. చేతులు కాలాక ఆకులు అందాయి.

కోప్పడదామని కూర్చున్నాను. చేత కావడం లేదు. ముందు మీరు చేసిందేమిటో చెబుతాను, నిదానంగా చదువు.

ఆ సెక్షన్‌కి మార్కులు లేవన్నాను. పని లేదనలేదు. మీ అందరి మార్కులూ వేలాడేది దాని మీదే. పాత ప్రశ్నలు మీరు పాడు చేశారు, కాబట్టి మీరు నీరసం పిల్లలని లెక్క తేలుతుంది. అంత నీరసం పిల్లలు కొత్త ప్రశ్నలు బాగా చేశారు, కాబట్టి కొత్త పేపరు మెత్తదని తేలుతుంది. మెత్తటి పేపరైతే పట్టిక బిగిస్తారు. అంటే ఒక్కో తప్పుకీ ఎక్కువ కోత. మీరు దాచుకున్న బలమంతా మీ మెడకే చుట్టుకుంది. మీకే కాదు, ఆ పూట ఆ పేపరు రాసిన ప్రతి పిల్లకీ ప్రతి పిల్లవాడికీ అదే పట్టిక. నీ ముందు వరసలో చెమటలు కక్కిన పిల్లకి కూడా. నాలుగు బ్రాంచీలంటే చిన్న గుంపు కాదు, త్రాసు వంగిపోతుంది.

మొన్న టీ దగ్గర మా పెద్దాయన అన్నాడు. పట్టికల గదికి ఆయనే అధికారి, రేపోమాపో రిటైరవుతాడు. ఏ అంకె అయినా రెండుసార్లు చూడందే సంతకం చేయడు. "ఈసారి పిల్లలు డీలాగా ఉన్నారమ్మా. పాతవి చేయలేకపోయారు. పేపరేమో మెత్తగా పడినట్టుంది, బిగించాలి" అన్నాడు. ఎందుకో ఆయనకి తెలియదు. నాకు తెలుసు. మధ్యలో ఒక అద్దం తలుపు, అంతే. ఆయన అటు తల గోక్కుంటున్నాడు, నేను ఇటు ఫిర్యాదులకి నంబర్లు వేస్తున్నాను.

చెబితే నోరు జారింది నేనేనని తేలుతుంది. ఇన్నేళ్ళ ఉద్యోగం పోతుంది. నీ హాస్టల్ ఫలితాలు ఆపేస్తారు, నీకిది మూడోసారి. చెప్పకపోతే ఎవరెవరో పిల్లలకి రావలసినవి రాకుండా పోతాయి, వాళ్ళకి ఎందుకో కూడా తెలియదు. వాళ్ళ తల్లిదండ్రులు నాకే ఫిర్యాదు రాస్తారు. నేనే "పరిశీలించాం, సరిగ్గానే ఉంది" అని జవాబివ్వాలి. ముందు నుయ్యి, వెనక గొయ్యి. రెండింటిలోనూ నువ్వే కనిపిస్తున్నావు.

నన్ను కాస్త ఆలోచించుకోనీ.

మీ పిన్ని

*

అక్టోబర్ 19

పిన్నీ,

రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఉడుతకి చెప్పాను, అది గోడవైపు తిరిగి పడుకుంది.

నువ్వు ఆలోచిస్తానన్నావు కదా, నేనూ ఆలోచించాను. పెద్దాయన నిన్ను సొంత మనిషిలా చూస్తాడని అమ్మ చెప్పేది. పట్టిక వేసేటప్పుడు మా హాస్టల్ పిల్లల్ని పక్కన పెట్టమని చెవిలో ఒక్క మాట వెయ్యవా? కారణం చెప్పకుండా. వాళ్ళు తేడాగా రాసినట్టున్నారండీ అంటే చాలదా? మిగతావాళ్ళకి న్యాయం జరుగుతుంది, మా ఫలితాలూ వస్తాయి, నీకూ ఏం కాదు. నువ్వు తలుచుకుంటే అవుతుంది పిన్నీ.

గడియారం సారు అందర్నీ పిలిచి "ఎవరడిగినా మాకేం తెలియదనండి" అన్నాడు. నన్ను విడిగా పిలిచి, "మీ పిన్నిగారికి చిక్కు రాకూడదంటే నువ్వే జాగ్రత్తగా ఉండాలి" అన్నాడు. నీ సంగతి ఆయనకెలా తెలిసిందో. ఉడుత చెప్పి ఉంటుంది. మంచం మాత్రం వెనక్కి మార్చలేదు. ఆ మంచం మీద నిద్ర పట్టడం లేదు.

జవాబు వెంటనే రాయి.

నీ బొంగరం

*

అక్టోబర్ 24

బొంగరానికి,

ఇకమీదట నాకు ఉత్తరం రాయకు. నేనూ రాయను. నువ్వు రాసినా విప్పను. అక్కకీ బావకీ ఇప్పుడేమీ చెప్పకు, నేనే చెబుతాను. వేళకి తిను.

పిన్ని

*

నవంబర్ 16

పిన్నీ,

విప్పనన్నావు. అయినా రాస్తున్నాను.

నీకు కోపం వచ్చిందని అర్థమైంది. చెవిలో మాట వెయ్యమన్నందుకు. ఉత్తరంలో "మీ పిన్ని" అని కూడా రాయలేదు, ఉత్త పిన్ని అని రాశావు. ఎన్నిసార్లు చదివానో.

మీ ఆఫీసు నుంచి ఇద్దరు వచ్చారు. ఒకావిడ, ఒకాయన. ఒక్కొక్కరినే పిలిచారు. మా ఫలితాలు ఆపేశారట. పాత ప్రశ్నల సంగతి ముందుగా ఎవరు చెప్పారని అడుగుతుంటే పిల్లలందరూ సారు అన్నారు, సారు ఉడుత అన్నాడు, ఉడుత నన్ను చూపించింది. దాన్ని ఏమీ అనలేను. దాని మొహం చూస్తే అక్కడే కక్కేస్తుందేమో అనిపించింది.

నేను నీ పేరు చెప్పలేదు. పాత పుస్తకాల కొట్లో ఒక పాత పేపరు దొరికిందని, అందులో టైపు అమ్మాయి లెక్క చూశానని, ఈసారి కూడా వస్తుందని ఊహించానని చెప్పాను. ఆవిడ "అలాగా" అని రాసుకుంది. చదివి సంతకం పెట్టమంది. పెట్టాను.

నిన్ను కాపాడాను పిన్నీ. కోపం తగ్గించుకో. వాళ్ళు శుక్రవారం మళ్ళీ వస్తారట.

నీ బొంగరం

*

నవంబర్ 21

పిన్నీ,

నీ పేరు చెప్పేశాను.

ఎలా జరిగిందో రాస్తాను, మళ్ళీ రాసే ధైర్యం ఉండదు. ఈసారి ఆవిడ ఒక్కతే వచ్చింది. లైబ్రరీ గదిలో కూర్చోబెట్టి తలుపు దగ్గరికి వేసింది. "ఆ సెక్షన్ పేపర్లు పరీక్ష అయిన రోజే లెక్కపెట్టి వెనక్కి తీసుకుంటాం. ఒక్క కాగితం బయటికి పోదు. పాత పుస్తకాల కొట్లో దొరకడం జరగని పని" అంది. "మరి నువ్వు దొంగిలించావనుకోవాలా? దొంగతనమైతే నిన్ను ఇంకెప్పటికీ పరీక్ష రాయనివ్వం. ఎవరైనా చెబితే చెప్పినవాళ్ళ తప్పు" అంది. గట్టిగా కూడా అనలేదు. బయట పిల్లలు అన్నానికి వెళ్తున్న చప్పుడు వినిపించింది, కాసేపటికి అదీ ఆగిపోయింది.

నిజం చెప్పాలని చెప్పలేదు పిన్నీ. అలా అనుకుంటావేమో, అనుకోకు. ఆ తెలియని పిల్లలు గుర్తొచ్చి కూడా కాదు. నాకు పరీక్ష రాయాలని ఉంది. ఫ్రేముల కొట్లో అద్దాలు కోస్తూ ముసలిదాన్నవడం ఇష్టం లేదు. ఒక పక్క నువ్వు, ఒక పక్క నేను. నన్నే ఎంచుకున్నాను. "మా పిన్ని ఉత్తరంలో రాసింది" అని చెప్పాను. ఆవిడ కలం తీసి, "ఎప్పుడు" అని అడిగింది. ఆగస్టులో అన్నాను.

ఆవిడ వెళ్ళేటప్పుడు నా భుజం మీద చెయ్యి వేసింది. విదిలించుకున్నాను.

ఇక నువ్వు నా మొహం చూడక్కర్లేదు. అమ్మకి ఏం చెబుతావో నీ ఇష్టం.

బొంగరం

*

డిసెంబర్ 2

బొంగరం తల్లికి,

నీ ఉత్తరాలు రెండూ ఇవాళే విప్పాను. విచారణ అయ్యేదాకా విప్పకూడదని కాగితం మీద సంతకం తీసుకున్నారు. నీకు జవాబు రాయకూడదని కూడా. అది కోపం కాదే పిచ్చిదానా. అక్టోబర్ ఇరవై నాలుగు పొద్దున ఆ నాలుగు ముక్కలూ నీకు రాసి డబ్బాలో వేసి, అటునుంచి అటే పెద్దాయన గదిలోకి వెళ్ళాను. ఉన్నదంతా చెప్పాను. నేను రాసింది, నువ్వు ఉడుతకి చెప్పింది, మీ సారు నాలుగు బ్రాంచీలు తిరిగింది. చెప్పబోతున్నానని నీకు ముందే రాస్తే నీకు మాటలు నేర్పినట్టవుతుంది, అందుకే రాయలేదు. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ "ఎందుకమ్మా ఇదంతా నాకు చెప్పావు" అన్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు.

కష్టమంతా ఆ తర్వాతే వచ్చింది. నా మాట నమ్మలేదు. విచారణకి కూర్చున్నవాళ్ళు ఏమన్నారో తెలుసా? పట్టిక సడలితే ఆ పూట రాసినవాళ్ళందరి మార్కులూ పెరుగుతాయి, అందులో ఈమె అక్క కూతురూ ఉంది, దానికోసం ఈమె కథ అల్లింది అన్నారు. పట్టిక బిగించే సంతకం ఒక్కటే మిగిలింది. ఇంతలో నువ్వు పాత పుస్తకాల కొట్టు కథ చెప్పి సంతకం పెట్టావు. దాంతో నేను అబద్ధాలకోరునని ఖాయమైపోయింది. ఆ వారం నేనెలా బతికానో నాకే తెలియదు. రోజూ ఆఫీసుకి పోవడం, ఖాళీ బల్ల ముందు కూర్చోవడం. ఫిర్యాదులు కూడా ఇవ్వలేదు. నీ నోటి నుంచి నా పేరు ఎప్పుడొస్తుందా అని ఎదురు చూశాను. నువ్వు నన్ను కాపాడుతున్నకొద్దీ నేను మునిగిపోయాను.

శుక్రవారం నువ్వు చెప్పావు. ఆగస్టు అన్నావు, నేనూ ఆగస్టే అన్నాను. అప్పుడు నమ్మారు.

మీ నాలుగు బ్రాంచీలనీ పక్కన పెట్టి పట్టిక మళ్ళీ వేశారు. ఆ పూట రాసిన మిగతా పిల్లలకి రావలసినవి వచ్చాయి. ఎవరికీ ఏమీ తెలియదు, తెలియక్కర్లేదు. మీ అందరికీ ఫిబ్రవరిలో మళ్ళీ పరీక్ష. అక్టోబర్‌లో రాసినది ప్రయత్నంగా లెక్క కట్టరు, కాబట్టి నీకింకా ఒకటి ఉంది. ఉడుతకీ ఉంది. మీ సారుని హాస్టల్ వాళ్ళు పంపించేశారట. ఏం ఫర్వాలేదు, ఆ స్టాప్‌వాచ్‌కి ఎక్కడో ఒకచోట కొలువు దొరుకుతుంది.

నువ్వు నిన్నే ఎంచుకున్నానని రాశావు. చదివి ఏడ్చాను. బాధపడ్డాను, కాదనను. నీ స్థానంలో ఉంటే నేనూ అదే చేసేదాన్ని అని చెప్పాలనుంది. ఏమో, చేసేదాన్నో లేదో. కానీ అది దాచకుండా రాశావు చూడు, అందుకు నీ మీద ప్రేమ తగ్గలేదు. మొహం చూడక్కర్లేదు లాంటి మాటలు ఇంకోసారి రాస్తే మాత్రం ఊరుకోను.

అక్కకీ బావకీ నిన్న చెప్పాను. అక్క తిట్టింది. బావ కొట్టు మూసి వచ్చి నా దగ్గర కూర్చున్నాడు.

ఫిబ్రవరికి దరఖాస్తు కొత్తగా నింపాలి, పాతది చెల్లదు. తొందరపడి పాతదాన్ని చూసి దించేయకు. రెండో పేజీలో, మీ బంధువులెవరైనా ఈ కార్యాలయంలో పనిచేస్తున్నారా అని ఒక గడి ఉంటుంది. పాతదాంట్లో అక్కడ నా పేరుంది. ఇప్పుడు లేరు అని రాయి.

మీ పిన్ని